గజ్జికి ఊరంతా ఒకేరోజు మందు
పాఠకుల ప్రశ్నలు – వైద్యుని సమాధానాలు

చలి మొదలైందంటే దురదల గురించిన ఉత్తరాలు పెరగడం ఈ శీర్షికకు కొత్త కాదు. ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గజ్జి, పేల గురించినవే. వాటిలో కొన్నింటికి ఒకేచోట సమాధానం చెబుతున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతూ ఒక బాలికల వసతిగృహంలో ఉంటోంది. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ పొక్కులు కనిపించాయి. రాత్రంతా గోక్కుంటూనే ఉంది. గజ్జి అని చెప్పి డాక్టరుగారు రాత్రిపూట పూసుకొనే క్రీము రాశారు, తగ్గింది. సంక్రాంతికి వచ్చేసరికి మళ్లీ అంతే. ఇప్పటికి మూడుసార్లు అయింది. ఈసారి నాకూ మా చిన్నవాడికీ అంటుకుంది. బడిలో నులిపురుగుల మాత్ర అందరికీ ఒకేరోజు వేసినట్టు దీనికి కూడా వేయకూడదా?
— ఒక తల్లి, రేణిగుంట

వేయవచ్చునమ్మా. కొన్ని దేశాల్లో దీవులకు దీవులకే ఒకేసారి వేశారు, మంచి ఫలితం కూడా చూశారు. అయితే మీ అమ్మాయి విషయంలో మాత్ర కావాలా, క్రీము చాలా అన్నది రెండో ప్రశ్న. అంతకంటే ముందు అందరికీ ఒకేరోజు ఎందుకు వేయాలో చెబుతాను, ఎందుకంటే మూడుసార్లు మందు వాడినా జబ్బు తిరిగి రావడానికి కారణం అందులోనే ఉంది.

గజ్జిని కలిగించేది కంటికి ఆనీ ఆనని ఒక పురుగు, దాని పొడవు మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే ఉంటుంది. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ నెల, నెలన్నర పాటు బతుకుతుంది. గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పొదిగి, పిల్లలు రెండు వారాల లోపే పెద్దవవుతాయి. మామూలు గజ్జి ఉన్న మనిషి ఒంటిమీద మొత్తం కలిపి పది పదిహేను పురుగులకు మించి ఉండవంటే చాలామంది నమ్మరు. ఆ నిద్రపట్టనివ్వని దురదంతా ఆ పదిహేను పురుగుల పట్ల, వాటి గుడ్ల పట్ల, మలం పట్ల మన శరీరం చూపించే ప్రతిచర్య. ఈ ప్రతిచర్య తయారు కావడానికి మొదటిసారి సోకినప్పుడు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆ మనిషికి దురద ఉండదు, పొక్కు కనపడదు, కానీ పక్కన పడుకున్నవారికి మాత్రం పురుగును అంటించగలరు. రెండోసారి సోకితే ఒంటికి అది తెలిసిన శత్రువు కాబట్టి ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి ఉండే గదిని ఊహించండి. ఇరవై ముప్పై మంది పిల్లలు చాపలు కలిపి వేసుకొని, చలికి ఒకే దుప్పటిలో ఇద్దరు ముగ్గురు ముడుచుకొని పడుకుంటారు. అందులో ఐదుగురికి దురద ఉందంటే, దురద లేకుండా పురుగును మోస్తున్నవారు మరికొందరు ఉన్నారని అర్థం. గోక్కుంటున్న ఐదుగురిని ఇంటికి పంపి మందు పూయించి మళ్లీ అదే గదిలోకి చేర్చుకుంటే, వారికి శుభ్రంగా నయమైనా వారం తిరిగేలోపు పక్కవారి నుంచి తిరిగి తెచ్చుకుంటారు. ఈలోగా ఆ పక్కవారికి దురద మొదలై వారు ఇంటికి వెళతారు. ఇలా గది చుట్టూ వంతులవారీగా తిరుగుతున్న జబ్బును మీరు మీ వంతు వచ్చినప్పుడల్లా చూస్తున్నారు. మందు పనిచేయలేదని నిందించవద్దు, అది చేయగలిగింది అది చేసింది.

దీన్ని అందరికీ ఒకేసారి మందు ఇచ్చి ఆపవచ్చునా అని పరీక్షించిన ప్రయోగాల్లో ఎక్కువగా ప్రస్తావించేది ఫిజీ దీవుల్లో జరిగింది, 2015లో అచ్చయింది. మూడు దీవి సముదాయాల్లో రెండు వేలకు పైబడిన జనాన్ని తీసుకొని, ఒకచోట మామూలుగా జబ్బు ఉన్నవారికి, వారి ఇంట్లోవారికి మాత్రమే పెర్మెత్రిన్ క్రీము ఇచ్చారు. రెండోచోట జబ్బు ఉన్నా లేకపోయినా అందరికీ ఆ క్రీమే ఇచ్చారు. మూడోచోట అందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్ర మింగించారు. ఏడాది తర్వాత చూస్తే మొదటిచోట గజ్జి 36.6 శాతం నుంచి 18.8 శాతానికి, రెండోచోట 41.7 నుంచి 15.8 శాతానికి తగ్గింది. మాత్ర వేసినచోట మాత్రం 32.1 శాతం నుంచి 1.9 శాతానికి పడిపోయింది. క్రీము బలహీనమైన మందు కాదు. మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ల కింద, బొడ్డులో, తొడల సందుల్లో ఎక్కడా వదలకుండా పూసి రాత్రంతా ఉంచుకోవాలంటే ఓపిక, మరుగు, సహాయం చేసే మరో చేయి కావాలి. మాత్రకు గుక్కెడు నీళ్లు చాలు, పైగా మింగారో లేదో ఇచ్చినవారు కళ్లారా చూడవచ్చు. తేడాకు ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

అయినా మీ వసతిగృహానికి మాత్రల కార్యక్రమం వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఒక గది, ఒక హాస్టలు వంటి చిన్న సమూహంలో అయిదు శాతం పెర్మెత్రిన్ క్రీముతోనే పని జరుగుతుంది, ఒకే రాత్రి అందరూ పూసుకోవాలన్నదే నియమం. శనివారం సాయంత్రం స్నానాలు అయ్యాక పిల్లలందరూ, వారితోపాటు వార్డెను, వంటమనిషి, ఆయా కూడా పూసుకొని, ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచుకొని ఆదివారం పొద్దున స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ పూసుకోవాలి. సరిగ్గా వారానికి, ఆలస్యమైతే రెండు వారాల లోపు, ఇదంతా మరోసారి జరగాలి. తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి వార్డెనుగారిని కలవండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి హాస్టలు తరఫున ఒక లేఖ రాస్తే ఆయన వచ్చి పిల్లలను చూడగలరు. మీ అమ్మాయి ఒక్కదానికే నాలుగోసారి ట్యూబు కొనడం కంటే ఆ లేఖకు బస్సు ఛార్జీలు పెట్టుకోవడం మేలు.

పక్కబట్టల గురించి అందరూ ఎక్కువగా భయపడతారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో కెనెత్ మెల్లన్‌బీ అనే శాస్త్రవేత్త, గజ్జి ఉన్న సైనికులు వాడిన దుప్పట్లలో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులను పడుకోబెట్టి చూశాడు. సోకింది చాలా తక్కువమందికే. మనిషి ఒంటిని వదిలిన పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు కాబట్టి, మందు పూసుకొన్న రోజు కట్టుకొన్న బట్టలు, కప్పుకొన్న దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి మన రాయలసీమ ఎండలో ఆరేస్తే చాలు. ఉతకలేనివాటిని సంచిలో మూటకట్టి మూడు నాలుగు రోజులు పక్కన పెట్టండి. పరుపులు కాల్చనక్కరలేదు, గదుల్లో పురుగుమందులు చల్లనక్కరలేదు.

ఇంట్లో మీరు, మీ చిన్నవాడు, మీవారు, అత్తమామలు ఉంటే వారు కూడా, అమ్మాయి ఇంట్లో ఉన్న రాత్రే అందరూ పూసుకోండి. మందుల షాపులో దురదకని అడిగితే ఇచ్చే నాలుగు మందులు కలిపిన క్రీములు మాత్రం వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దానివల్ల దురద, ఎరుపు అణగి గజ్జి తగ్గినట్టే కనిపిస్తుంది కానీ, పురుగులు నిశ్చింతగా పెరుగుతాయి, చూసే డాక్టరుకు కూడా జబ్బు గుర్తుపట్టడం కష్టమవుతుంది.

నేను శ్రీకాళహస్తి వైపు ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. నా పరిధిలోని ఒక కాలనీలో డెబ్బై ఇళ్లు ఉన్నాయి. ఏ ఇంట చూసినా పిల్లలకు చేతుల మీద, పిరుదుల మీద చీము పొక్కులే. బోదకాలు మాత్రలు ఇంటింటికీ తిరిగి మింగించినట్టు దీనికీ మాత్ర ఉందని ఒక శిక్షణలో విన్నాను. ఎంతమందికి జబ్బు ఉంటే ఊరంతటికీ వేస్తారు? ఎవరికి వేయకూడదు?
— ఒక ఆశా కార్యకర్త

మీరు విన్న మాత్ర ఐవర్‌మెక్టిన్. దాని పుట్టుక మట్టిలో ఉంది. జపానులో సతోషి ఓమురా అనే శాస్త్రవేత్త మట్టి నమూనాల నుంచి వేరుచేసిన ఒక సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం నుంచి, అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ బృందం దీన్ని రూపొందించింది. ఆఫ్రికాలో నదుల ఒడ్డున ఉండే పల్లెలను గుడ్డివి చేస్తున్న జబ్బుకు 1987 నుంచి ఉచితంగా పంచిన మందు ఇదే. ఆ ఇద్దరికీ 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో కొన్ని జిల్లాల్లో బోదకాలుకు మూడు మందులు కలిపి ఇస్తున్నారే, అందులో ఒకటి కూడా ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది, 2019లో ఈ మాత్రను గజ్జికి అత్యావశ్యక మందుల పట్టికలోకి తెచ్చింది.

ఎంతమందికి ఉంటే అన్న ప్రశ్నకు ఆ సంస్థ సూచించే గీత పది శాతం. ఒక ప్రాంతపు జనాభాలో నూటికి పదిమందికో అంతకు మించో గజ్జి ఉంటే, జబ్బు ఉన్నవారిని వెతికి వెతికి మందు ఇవ్వడం కంటే అందరికీ ఇవ్వడమే సులువు, చవక, నిక్కం అని దాని వెనక ఉన్న లెక్క. అంతకంటే తక్కువగా ఉంటే జబ్బు ఉన్నవారికి, వారి ఇంటిల్లిపాదికి మందు ఇస్తే సరిపోతుంది. మన దేశంలో గజ్జి కోసమే ఊరంతటికీ మాత్రలు వేసే జాతీయ కార్యక్రమం ప్రస్తుతం లేదు. కాబట్టి ఇది మీరు, నేను నిర్ణయించే విషయం కాదు. మీరు చేయగలిగిన గొప్ప పని లెక్క తీయడం. డెబ్బై ఇళ్లూ తిరిగి, ఇంటికి ఎంతమంది, రాత్రిపూట దురద ఎంతమందికి, వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, మగపిల్లల మర్మాంగాల మీద, పసిపిల్లల అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు ఎంతమందికి అన్నవి ఒక పుస్తకంలో రాసి ఏఎన్ఎం ద్వారా వైద్యాధికారి ముందు పెట్టండి. కాలనీలో గజ్జి ఎక్కువగా ఉందని నోటితో చెప్పిన మాటకు, మూడు వందల మందిలో ఎనభై మందికి ఉందని కాగితం మీద రాసి చూపించిన మాటకు కార్యాలయాల్లో దక్కే గౌరవం వేరు. ఇది మీ అనుభవంలోనూ ఉండే ఉంటుంది.

మాత్ర మోతాదు కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. నులిపురుగుల ఆల్బెండజోల్ లాగా రెండేళ్లు దాటిన అందరికీ ఒకటే 400 మిల్లీగ్రాముల మాత్ర అనడానికి ఇక్కడ వీల్లేదు, తూకం యంత్రం తప్పనిసరి. ఆహారంతో కలిపి తీసుకుంటే చర్మానికి బాగా చేరుతుంది. ఇది పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. అందుకే ఏడు నుంచి పద్నాలుగు రోజులలోపు, గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులు తిరిగి గుడ్లు పెట్టే వయసుకు రాకముందే, రెండో మోతాదు ఇస్తారు. పదిహేను కిలోల లోపు బరువున్న పిల్లలకు, గర్భిణులకు, ప్రసవమైన మొదటి వారంలో పాలిచ్చే తల్లులకు సామూహిక కార్యక్రమాల్లో ఈ మాత్ర ఇవ్వరు. వారిని వదిలేయరాదు, వారికి పెర్మెత్రిన్ క్రీము పూస్తారు. రెండు నెలలు నిండని పసికందులకు గంధకం కలిపిన లేపనం వాడతారు. పసిపిల్లలకు క్రీము పూసేటప్పుడు కళ్లు, నోరు తప్పించి ముఖానికి, మాడుకు కూడా పూయాలి. మాత్ర వేసుకొన్నవారిలో కొందరికి ఒకటి రెండు రోజులు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, దురద పెరగడం ఉంటాయి, చాలావరకు వాటంతటవే పోతాయి. మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే ఒక రకం ఫైలేరియా పురుగు ఒంట్లో ఎక్కువగా ఉన్నవారికి ఈ మందువల్ల ప్రమాదం కలిగిన సందర్భాలు ఉన్నాయి. ఆ పురుగు మన దేశంలో లేదు, కాబట్టి ఎవరైనా ఫోనులో ఆ వార్త చూపించి భయపెడితే ఈ సంగతి చెప్పండి.

ఇంకొక మాట, ఇది చాలా కార్యక్రమాల్లో జారిపోయే చోటు. ఇళ్లు తిరిగేటప్పుడు మంచం పట్టిన వృద్ధులను, మతిస్థిమితం లేనివారిని, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారిని, హెచ్ఐవీ ఉన్నవారిని తప్పకుండా చూడండి. ఇలాంటివారిలో కొందరికి గజ్జి మామూలుగా కాకుండా చేతుల మీద, అరికాళ్ల మీద, మోచేతుల మీద బూడిదరంగు చెక్కులు కట్టి పొలుసులు రాలుతుంది. దురద అంతగా ఉండకపోవచ్చు కూడా, అందుకే ఇంట్లోవారు అది ఏదో ముసలితనపు పొలుసు అనుకుంటారు. మామూలు మనిషి మీద పదిహేను పురుగులు ఉంటే ఇలాంటివారి మీద వేలు, ఒక్కొక్కసారి లక్షలు ఉంటాయి. రాలిన పొలుసుల్లోనూ అవి ఉంటాయి. కాలనీ అంతటికీ మందు వేసి ఆ ఒక్క అవ్వను వదిలేస్తే నాలుగు నెలలకు మొదటికే వస్తుంది. ఆమెకు రెండు మోతాదులు చాలవు, చర్మవైద్యుని దగ్గర ఎక్కువసార్లు మాత్రలు, పూతమందులు కావాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి తీసుకువెళ్లే ఏర్పాటు చేయండి.

మీరు చీము పొక్కులని రాశారు. గోకినచోట చర్మం చిట్లి స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాలు చేరడం వల్ల వచ్చేవి అవి. గజ్జితో ఎవరూ చనిపోరని తేలిగ్గా తీసుకొనేవారు మరిచిపోయేది ఇక్కడే. స్ట్రెప్టోకాకస్ చేరిన పుండ్లు వచ్చిన మూడు నుంచి ఆరు వారాల్లో కొందరు పిల్లలకు మూత్రపిండాల వాపు వస్తుంది. ఉదయం లేవగానే కళ్ల కింద ఉబ్బి ఉండటం, మూత్రం తక్కువగా రావడం, అది టీ డికాక్షన్ రంగులో ఉండటం కనిపిస్తే ఆ బిడ్డను అదే రోజు ఆసుపత్రికి పంపండి, అక్కడ రక్తపోటు తప్పకుండా చూస్తారు. ఫిజీలో మాత్ర వేసిన దీవుల్లో గజ్జితోపాటు చీము పుండ్లు కూడా మూడింట రెండు వంతులు తగ్గాయి, వాటికి విడిగా మందు ఇవ్వకుండానే.

మాకు పలమనేరు దగ్గర ఎనిమిది పాడి ఆవులు ఉన్నాయి. పిడుదులకు, గజ్జికి డాక్టరు వేసే ఇంజెక్షను సీసా మీద ఐవర్‌మెక్టిన్ అనే ఉంది. మనుషులకు వాడేదీ అదేనట కదా. బరువు లెక్కగట్టి మేము వాడుకోవచ్చునా? ఆవుల గజ్జి మాకు అంటుతుందా?
— ఒక పాడి రైతు

వాడకూడదు. మందు ఒకటే, కిలోకు మోతాదు కూడా దాదాపు ఒకటే, అందుకే మీకు ఆ ఆలోచన వచ్చింది. కానీ ఆ సీసాలో ఒక్క మిల్లీలీటరులో పది మిల్లీగ్రాములు ఉంటుంది, అది యాభై కిలోల పశువుకు సరిపడే మోతాదు. మూడు నాలుగు వందల కిలోల పశువు కోసం అంత చిక్కగా చేసిన మందును, పశువు చర్మం కింద వేయడానికి పనికొచ్చే ద్రావకాల్లో కరిగించిన మందును, మనిషి తాగడానికో పొడిపించుకోవడానికో తయారుచేయలేదు. కొలతలో చిన్న పొరపాటు జరిగినా వాంతులు, మగత, నడక తడబడటం, ఇంకా ఎక్కువైతే ఫిట్లు, స్పృహ తప్పడం దాకా వెళుతుంది. కరోనా కాలంలో కొన్ని దేశాల్లో పశువుల మందు వాడి ఆసుపత్రుల పాలైనవారు ఉన్నారు. మనుషుల మాత్ర ఖరీదు కూడా ఎక్కువేమీ కాదు.

ఆవుల గజ్జి పురుగు మీ చేతుల మీదికి ఎక్కి కొద్దిరోజులు దురద పెట్టగలదు కానీ మనిషి చర్మంలో సంతానం పెంచుకోలేదు, పశువుకు నయమైతే మీకూ పోతుంది. మీ ఇంట్లో రాత్రిళ్లు నలుగురు గోక్కుంటున్నారంటే అది కొట్టం నుంచి రాలేదు, మనుషుల నుంచే వచ్చింది. అడగకపోయినా ఒకటి చెబుతాను: ఈ మందు పాలలోకి దిగుతుంది. పాలిచ్చే ఆవులకు ఆ సీసా వాడేముందు ఎన్ని రోజులు పాలు పోయకూడదో పశువైద్యుణ్ణి అడగండి.

మేము రోజూ రెండుపూటలా స్నానం చేసే కుటుంబం. మా ఇంట్లో పనిచేసే ఆమె పిల్లలకు గజ్జి అని తెలిసింది. ఆమెను కొన్నాళ్లు మానిపించాలా? మేము కూడా మందు పూసుకోవాలా?
— ఒక గృహిణి, తిరుపతి

గజ్జి పురుగు స్నానానికి చావదు, చర్మం లోపల ఉంటుంది. అది రావడానికి మురికి కారణం కాదు. ఒకే గదిలో ఎక్కువమంది పడుకోవలసిరావడం, మందు కొనడానికి చేతిలో డబ్బు లేకపోవడం కారణాలు. సాధారణంగా పది పదిహేను నిమిషాల పాటు చర్మానికి చర్మం తగిలితే గాని అది మారదు కాబట్టి, గిన్నెలు తోమి వెళ్లే మనిషి నుంచి మీకు వచ్చే అవకాశం తక్కువ. ఆమె మీ పసిబిడ్డను ఎత్తుకొని ఆడించే మనిషైతే మీ ఇంట్లోవారు కూడా అదే రాత్రి పూసుకోవడం మంచిది. మానిపిస్తే ఆమెకు జీతం పోతుంది, జబ్బు ఉంటుంది. ఆమె ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికి సరిపడా ట్యూబులు, రెండు విడతలకు, మీరే కొనివ్వండి. పెద్దవారికి ఒక పూతకు సుమారు 30 గ్రాములు పడుతుంది. చిన్న ట్యూబు ఒకటి కొని నలుగురూ పంచుకొంటే ఎవరికీ నయం కాదు.

మా ఇద్దరు అమ్మాయిలకు నడుము దాటే జడలు. తలనిండా పేలు, ఈపులు. షాంపూలు వాడి విసిగిపోయాను. మా అత్తగారు తిరుమలలో మొక్కుకొని ఇద్దరికీ గుండు చేయించమంటారు. పక్కింటావిడ సీతాఫలం గింజలు నూరి పట్టించమంటోంది. బడిలో అందరికీ మాత్ర వేయిస్తే పోతాయని ఇంకొకరు చెప్పారు. ఏది చేయాలి?
— ఒక తల్లి, చిత్తూరు

సీతాఫలం గింజలు మాత్రం ముట్టుకోకండి. గింజల పొడికి పేలను చంపే గుణం ఉన్నమాట నిజమే కానీ, తల కడిగేటప్పుడు ఆ నీరు కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర మంటకు లేచిపోతుంది, పిల్లలు కళ్లు తెరవలేక రోజుల తరబడి బాధపడతారు. నేత్రవైద్యులను అడిగితే ఇలాంటి కేసులు ప్రతి ఏడాదీ చూస్తామంటారు. కిరసనాయిలు కూడా వద్దు, పొయ్యి దగ్గర దాని ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు.

గుండుతో పేలు పోతాయి, అందులో సందేహం లేదు. పేను ఉండేది వెంట్రుక మీదే, ఇల్లే లేకపోతే కాపురం లేదు. కానీ పన్నెండేళ్ల పిల్ల ఇష్టం లేకుండా బోడిగుండుతో బడికి వెళ్లవలసి వస్తే ఆ బాధ పేల బాధ కంటే పెద్దది. మొక్కు ఉంటే తలనీలాలు ఇవ్వండి, స్వామికి ఇచ్చేది భక్తితో ఇవ్వాలి గాని పేలను వదిలించుకోవడానికి కాదు. అత్తగారికి ఈ మాట నేను అన్నానని చెప్పండి.

మాత్ర సంగతి. ఐవర్‌మెక్టిన్ పేలకూ పనిచేస్తుంది. పూతమందులకు లొంగని పేల మీద, కిలోకు 400 మైక్రోగ్రాముల చొప్పున ఏడు రోజుల తేడాతో రెండుసార్లు ఇచ్చి చేసిన ఒక పరీక్ష 2010లో అచ్చయింది, అందులో మాత్ర వేసుకొన్న నూటికి 95 మందికి పేలు పోయాయి. కానీ గజ్జికి ఊరంతా మాత్ర వేయడాన్ని సమర్థించిన నేను, పేల కోసమే బడి అంతటికీ మాత్ర వేయడాన్ని సమర్థించను. బ్రెజిల్‌లో ఒక మత్స్యకారుల పల్లెలో ఊరంతటికీ ఈ మందు వేసినప్పుడు తలలో పేలు ఉన్నవారు 16 శాతం నుంచి నెలకు ఒక శాతానికి తగ్గారు, తొమ్మిది నెలలకు మళ్లీ 10 శాతానికి చేరారు. గజ్జి మాత్రం అంతగా తిరిగి రాలేదు. తల తలకు ఆనితే చాలు పేను మారుతుంది, పక్క ఊరి నుంచి సెలవులకు వచ్చిన పిన్ని కూతురు ఒక్కతి చాలు. పైగా తలపేను ఏ జబ్బునూ మోసుకురాదు, అది విసుగే గాని వ్యాధి కాదు. ఎక్కడైనా గజ్జి కోసం మాత్రలు వేస్తే పేలు కూడా తగ్గడం అదనపు లాభం, అంతే.

మీరు చేయవలసింది: ఒక శాతం పెర్మెత్రిన్ లోషను షాపులో దొరుకుతుంది. షాంపూతో తల కడిగి, కండిషనరు వాడకుండా, తుండుతో తుడిచి తడి తలకు కుదుళ్ల దాకా పట్టించి పది నిమిషాలు ఉంచి కడిగేయండి. ఈపుల నుంచి పిల్లలు బయటికి రావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి, తొమ్మిదో రోజున మళ్లీ పెట్టండి. ఇంట్లో అందరి తలలూ చూడండి, పేలు కనిపించిన ప్రతివారికీ అదే రోజు పెట్టాలి. మీరు కూడా తప్పించుకోవద్దు, పిల్లలకు జడలు వేసేది మీరే కదా. షాంపూలు పనిచేయలేదన్నారు. రెండోసారి పెట్టకపోవడం సాధారణ కారణం, పేలు మందుకు అలవాటు పడటం ఇంకొకటి. రెండో కారణమైతే మందు కంటే ఈర్పెనే నమ్మకమైనది. తడి జుట్టుకు కొబ్బరినూనెగానీ కండిషనరుగానీ బాగా పట్టించి, జుట్టును పాయలుగా విడదీసి, సన్నపళ్ల ఈర్పెనతో కుదురు నుంచి కొసదాకా దువ్వి, దువ్విన ప్రతిసారీ తెల్లగుడ్డ మీద తుడిచి చూడండి. మూడు నాలుగు రోజులకొకసారి చొప్పున రెండు వారాలకు పైగా, చివర మూడుసార్లు గుడ్డ మీద ఒక్క పేనూ కనపడనిదాకా చేయాలి. నడుము దాటిన జడకు ఒక్కో తలకు గంట పడుతుందని నాకు తెలుసు. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరిగిందన్న సామెత పుట్టించినవారు కూడా ఈ గంటలు కూర్చుని దువ్వినవారే అయి ఉంటారు.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈపి కుదురు దగ్గరే అంటుకుంటుంది కాబట్టి, కుదురు నుంచి వేలి వెడల్పు దూరంలో కనిపించే తెల్లటి ఈపులు ఎప్పుడో పొదిగిపోయిన ఖాళీ గుల్లలు. వాటిని చూసి టీచరు పిల్లను ఇంటికి పంపితే ఈ సంగతి చెప్పండి. కదిలే పేను ఉన్నా కూడా ఆ రోజు సాయంత్రం ఇంట్లో మందు పెడితే చాలు, పాఠం మానిపించనవసరం లేదు.

గజ్జికి రెండుసార్లు క్రీము పూసుకొని పది రోజులైంది. ఇంట్లో అందరం పూసుకొన్నాం. నాకు దురద ఇంకా తగ్గలేదు. మూడోసారి, నాలుగోసారి పూసుకోవచ్చునా? వేపాకు, పసుపు పట్టించమంటున్నారు.
— ఒక హాస్టలు విద్యార్థి, తిరుపతి

పురుగులు చచ్చినా వాటి అవశేషాలు చర్మం పైపొరలోనే ఉంటాయి. పొర రాలి కొత్తది వచ్చేదాకా రెండు వారాలు, కొందరికి నాలుగు వారాలు దురద ఉంటుంది. ఇప్పుడు క్రీము రోజూ పూస్తే చర్మం ఎండి ఆ దురదే ఇంకా పెరుగుతుంది. రాత్రికి సెటిరిజిన్ వంటి మాత్ర, ఒంటికి కొబ్బరినూనె చాలు. వేప, పసుపు ముద్ద వల్ల గజ్జి నయమైందని 814 మందిని చూసి 1992లో ఒక నివేదిక వచ్చింది. పూయనివారితో పోల్చి చూడలేదు కనుక దాన్ని క్రీముకు బదులు వాడమని నేను చెప్పను, ఇప్పుడు ఉపశమనానికి పూసుకొంటే అభ్యంతరం లేదు, పుండ్లు ఉన్నచోట తప్ప. నాలుగు వారాలు దాటినా దురద పోకపోయినా, ఈలోపే వేళ్ల సందుల్లో కొత్త పొక్కులు లేచినా చర్మవైద్యుణ్ణి కలవండి. వెళ్లేటప్పుడు మీ హాస్టలు గదిలో మీతో ఎంతమంది ఉంటారో, వారిలో ఎవరు పూసుకోలేదో కూడా రాసుకొని తీసుకువెళ్లండి. ఇంట్లో అందరూ అని రాశారు గాని, గదిలో అందరూ అని రాయలేదు.